దండల కింద వేలాడే కండ... మాఘమాసం పెళ్ళి లోపు తగ్గే దారి ఉందా?

రాజమండ్రి_అత్తయ్య:
అందరికీ నమస్కారం. వయసు 52, బరువు 68 కిలోలు. మాఘంలో అమ్మాయి పెళ్ళి. మొన్న బీరువాలోంచి నా పెళ్ళినాటి వంకీ తీసి పెట్టుకోబోతే మోచేయి దాటి రెండంగుళాలు ఎక్కి ఆగిపోయింది. అప్పటి నుంచి చేతుల మీదే ధ్యాస. వినాయకుడికి హారతి ఇస్తుంటే పళ్ళెం ఒకవైపు తిరుగుతోంది, కండ ఇంకోవైపు ఊగుతోంది. నడుము సంగతి చీర చూసుకుంటుంది, చేతుల్ని ఎవరు దాస్తారు? నావి మూడు ప్రశ్నలు. ఇంట్లో చేసుకునే వ్యాయామాలు ఏవి? బిగించే క్రీములు, నూనెలు పనిచేస్తాయా? పట్టు బ్లౌజుకి చేతులు ఎంత పొడవు పెట్టించాలి? దసరా లోపు కొలతలు ఇవ్వమని టైలర్ తొందర పెడుతున్నాడు. జిమ్‌కి వెళ్ళే ఓపికా లేదు, ధైర్యమూ లేదు.

సున్నిపిండి_సుబ్బులు:
అక్కా, క్రీముల మాట ఎత్తకండి, నాకు మంట. రెండేళ్ళ క్రితం ఒక క్లినిక్‌లో కొవ్వుని చల్లబరిచి కరిగిస్తామంటే నాలుగు సిట్టింగులకు 42 వేలు కట్టాను. మా ఆయనకి ఇప్పటికీ 12 వేలనే చెప్పాను, ఇక్కడ ఎవరూ మా ఊరి వాళ్ళు ఉండకూడదని దేవుణ్ణి వేడుకుంటున్నా. చివరి రోజు టేపు పెట్టి "చూశారా మేడమ్, అంగుళంన్నర తగ్గింది" అన్నారు. ఇంటికొచ్చి ఆలోచిస్తే అర్థమైంది. మొదటి రోజు టేపు చంకకి దగ్గరగా పెట్టారు, చివరి రోజు మోచేతికి దగ్గరగా! క్రీము రాస్తే చర్మం నున్నగా అవుతుంది, అంతే. లోపల కండకి ఆ సంగతే తెలియదు.

కోనసీమ_కోడలు:
ఇదంతా మిక్సీలు వచ్చాక పట్టిన రోగం. మా అమ్మమ్మ రోజూ రెండు శేర్ల మినప్పప్పు రుబ్బురోట్లో రుబ్బేది. చేతులు కర్రల్లా ఉండేవి. జిమ్ము లేదు, ప్రోటీన్ పొడి లేదు. వారానికి రెండుసార్లు ఇడ్లీ పిండి చేత్తో రుబ్బండి, మాఘం దాకా కూడా అక్కర్లేదు.

కోచ్_14ఏళ్ళు:
నేను ఈ ఫీల్డులో 14 ఏళ్ళుగా ఉన్నాను, 20 ఏళ్ళ వాళ్ళ నుంచి 70 ఏళ్ళ వాళ్ళ దాకా ట్రైనింగ్ ఇచ్చాను, కాబట్టి కాస్త శ్రద్ధగా చదవండి. దండ వెనక ఉండే కండరం ట్రైసెప్స్. పై చేతి కండలో దాదాపు మూడింట రెండు వంతులు అదే. అందరూ ముందున్న బైసెప్స్ పట్టుకుని వేలాడతారు, వేలాడేది మాత్రం వెనక! ఇంకో ముఖ్యమైన మాట. ఒకచోట వ్యాయామం చేస్తే ఆ చోటే కొవ్వు కరుగుతుందనేది భ్రమ. 1971లోనే టెన్నిస్ ఆటగాళ్ళ రెండు చేతులూ కొలిచి చూశారు. ఆడే చెయ్యి లావుగా ఉంది, కండ ఎక్కువ. కానీ చర్మం కింద కొవ్వు మందం రెండు చేతుల్లోనూ దాదాపు ఒకటే. కొవ్వు ఒళ్ళంతా తగ్గినప్పుడు చేతుల్లోనూ తగ్గుతుంది. వ్యాయామం చేసేది కొవ్వు కరగడానికి కాదు, కింద కండ నింపడానికి. రుబ్బురోలు కథలు తర్వాత చెప్పుకుందాం.

తిరగలి_తాయారు:
@కోనసీమ_కోడలు మీ అమ్మమ్మ సంగతి తెలీదు గానీ, మా నాయనమ్మ కూడా రుబ్బింది, దంచింది, బావిలోంచి నీళ్ళు తోడింది. ఆవిడ దండ కింద కండ ఊయల్లా వేలాడేది. చిన్నప్పుడు పక్కలో పడుకుని దాన్ని పట్టుకుని ఊపుతూ నిద్రపోయేవాళ్ళం. అంత మెత్తటిది ప్రపంచంలో ఇంకోటి లేదు. రుబ్బితే బిగుస్తుందనేది అబద్ధం.

కోనసీమ_కోడలు:
మీ నాయనమ్మగారు రుబ్బించి ఉంటారు, రుబ్బి ఉండరు.

తిరగలి_తాయారు:
మాటలు జాగ్రత్తండీ. ఆవిడ చేతి కాయలు నేను చూశాను. మీరు చూసింది మీ అమ్మమ్మ ఫోటోలోనా?

వరంగల్_వనజ:
ఒక్క నిమిషం ఆగండి ఇద్దరూ. రుబ్బురోలు అంటే మీకు వ్యాయామంలా కనిపిస్తోందా? మా అమ్మ పద్నాలుగో ఏట అత్తారింటికి వచ్చింది. పొద్దున నాలుగింటికి లేచి పదకొండు మందికి పిండి రుబ్బేది, జొన్నలు విసిరేది. నలభై ఐదేళ్ళకే కుడి భుజం పైకి లేవడం మానేసింది. జడ వేసుకోలేకపోయేది, నేనే వేసేదాన్ని. ఆ చేతులు సన్నగా ఉన్నాయంటే తిండి చాలక. "అమ్మమ్మలు ఫిట్‌గా ఉండేవాళ్ళు" అని వాట్సాప్‌లో వస్తే ఫార్వర్డ్ చేయడం సులువే. ఇంట్లో గ్రైండర్ కొన్న రోజు మా అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టింది.

కోనసీమ_కోడలు:
నేను మంచి ఉద్దేశంతో చెప్పాను. ప్రతిదానికీ కన్నీళ్ళు తెస్తే ఎలా?

కోచ్_14ఏళ్ళు:
టెక్నికల్‌గా చెబుతాను. రుబ్బేటప్పుడు పొత్రం గుండ్రంగా తిరుగుతుంది. పని ఎక్కువగా భుజం, ముంజేయి, పిడికిలి పట్టు మీద పడుతుంది. ట్రైసెప్స్ పని మోచేయి చాచడం. రుబ్బడంలో మోచేయి పూర్తిగా చాచరు. రోకలి వేరు, అందులో ఎత్తి దింపడం ఉంది, వీపూ పనిచేస్తుంది. పైగా ఎన్నేళ్ళు రుబ్బినా పొత్రం బరువు పెరగదు కదా. ఒంటికి అలవాటయ్యాక కండ పెరగడం ఆగిపోతుంది. బరువు మెల్లగా పెంచుతూ పోవాలి, రహస్యం అంతా అదే.

కాకినాడ_ఖాజా:
మొదటిసారి ఒక కోచ్ పొత్రం గురించి ఇంత లోతుగా మాట్లాడటం చూస్తున్నా 😄

ఫ్రిస్కో_పద్మ:
అత్తయ్యగారూ, నా సంగతి చెబుతాను. ఇక్కడ టెక్సస్‌లో ఎండాకాలం ఎంత మండిపోయినా ఏళ్ళ తరబడి పొడుగు చేతుల బట్టలే వేసుకున్నాను. 47వ ఏట గోడకి చేతులు ఆనించి పుషప్స్ మొదలుపెట్టాను. గోడ దగ్గర 15 సులువుగా వచ్చాక కిచెన్ గట్టు పట్టుకుని, తర్వాత సోఫా అంచు, తర్వాత నేల మీద మోకాళ్ళు ఆనించి. ఒక్కో మెట్టుకి నెల, నెలన్నర పట్టింది. కాఫీ కాగే లోపు ఒక సెట్టు. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచితే ట్రైసెప్స్‌కి బాగా తగులుతుంది. పోయిన వారం నేల మీద, మోకాళ్ళు ఆనించకుండా, 11 తీశాను. పదకొండు! మా అబ్బాయి లెక్కపెట్టాడు. ఊగడం పూర్తిగా పోయిందా అంటే పోలేదు. కానీ చెయ్యి ముడిస్తే వెనక గట్టిగా ఏదో ఉంది. అది నాదేనా అని రోజూ తడుముకుని చూసుకుంటా.

కోచ్_14ఏళ్ళు:
పుషప్స్ ఓకే గానీ రాజు మాత్రం కుర్చీ డిప్స్. కుర్చీ అంచు మీద వెనక్కి చేతులు పెట్టి కిందికి దిగి లేవడం. రోజూ 50 చేయండి.

ఫిజియో_విశాఖ:
52 ఏళ్ళ ఆవిడకి, ఇంతవరకు ఏమీ చేయనావిడకి, రోజూ 50 కుర్చీ డిప్సా? దయచేసి చేయకండి. చేతులు వెనక్కి పెట్టి ఒంటి బరువుతో కిందికి దిగితే భుజం ముందు భాగం మీద బాగా ఒత్తిడి పడుతుంది. ఈ వయసులో, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్ళలో, భుజం బిగుసుకుపోయే సమస్య మామూలుగానే ఎక్కువ. గట్టు పుషప్స్ మంచివి. లీటరు నీళ్ళ బాటిల్ అంటే కిలో బరువు. దాన్ని రెండు చేతులతో తల వెనక్కి దించి పైకి చాచండి. మోచేతులు చెవుల పక్కనే ఉండాలి. ముందుకు వంగి, మోచేయి నడుము పక్కన కదలకుండా పెట్టి, బాటిల్‌ని వెనక్కి చాచడం ఇంకోటి. 10, 12 సార్లు చొప్పున మూడు సెట్లు, వారానికి రెండు మూడు రోజులు. మధ్యలో విశ్రాంతి రోజు ఉండాలి. చివరి రెండు కష్టంగా రావాలి. సులువుగా వస్తున్నాయంటే బరువు పెంచే సమయం వచ్చినట్టు.

కోచ్_14ఏళ్ళు:
నా దగ్గర డిప్స్ చేసి ఎవరికీ ఏమీ కాలేదు.

ఫిజియో_విశాఖ:
అయినవాళ్ళు మీ దగ్గరికి తిరిగి రారు సర్. నా దగ్గరికి వస్తారు.

కోచ్_14ఏళ్ళు:
మీలాంటి వాళ్ళు భయపెట్టబట్టే మన ఆడవాళ్ళు కిలో బాటిల్ దాటరు. ఈ థ్రెడ్‌లో ఇక నేను రాయను.

కడప_కారం:
రాస్తారు చూడండి.

బీపీ_బాధితుడు:
ఇది చెప్పొచ్చో లేదో. లావు చేతులున్నవాళ్ళు బీపీ చూపించుకునేటప్పుడు పెద్ద పట్టీ అడగండి. చిన్న పట్టీ బిగిస్తే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. నాకు ఏడాది పాటు ఆ టెన్షన్ పెట్టారు. వేరే డాక్టర్ పెద్ద పట్టీ కట్టి చూస్తే మామూలే.

హనుమకొండ_31కిలోలు:
పేరులోనే ఉంది, 31 కిలోలు తగ్గాను. మగవాళ్ళకి ఈ బాధ ఉండదనుకుంటారు. చొక్కా విప్పితే చేతుల కింద ఖాళీ సంచుల్లా చర్మం. కొవ్వు పోయింది, చర్మం మిగిలింది. డంబెల్స్ ఏడాది నుంచి చేస్తున్నా, కండ వచ్చింది గానీ సంచి నిండలేదు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

పేరు_వద్దులెండి:
నేను చేయించుకున్నాను తమ్ముడూ. అదనపు చర్మం కోసి కుట్టేస్తారు. మచ్చ చంక దగ్గర నుంచి మోచేయి దాకా, చెయ్యి లోపలి వైపు. కొన్ని వారాలు బిగుతు తొడుగు వేసుకోవాలి, చేతులు పైకెత్తకూడదు. నాకు తల దువ్వింది మా చెల్లెలు. ఏడాది దాకా మచ్చ ఎర్రగానే ఉంది, ఇప్పుడు లేత గోధుమ రంగు. ఊగడం పోయింది, దాని బదులు గీత వచ్చింది. నాకైతే గీతే నయం. అందం కోసం కింద లెక్కేసి ఇన్సూరెన్స్ ఇవ్వలేదు. వట్టి లైపోసక్షన్ చాలంటే ఒప్పుకోకండి. చర్మం వదులుగా ఉన్నప్పుడు లోపల కొవ్వు తీసేస్తే ఇంకా వేలాడుతుంది.

శ్రీకాకుళం_చిన్నోడు:
మా అక్క బరువులు ఎత్తితే మగాడిలా అవుతానని భయపడుతోంది. నిజమేనా?

కోచ్_14ఏళ్ళు:
ఇది ఒక్కటీ చెప్పి వెళ్తాను. శ్రీకాకుళంలో ఉండి ఈ ప్రశ్నా! ఆమదాలవలస నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. ఆ స్థాయికి ఎన్నేళ్ళ సాధన కావాలో ఊహించుకోండి. మీ అక్క మూడు కిలోల డంబెల్ ఎత్తి పొరపాటున అలా అయిపోదు. ఆడవాళ్ళలో టెస్టోస్టిరాన్ చాలా తక్కువ, కండ మెల్లగా వస్తుంది.

కడప_కారం:
చెప్పానా.

గుంటూరు_గోంగూర:
అందరూ కదిలించడమే చెబుతున్నారు, తినడం ఎవరూ చెప్పరు. అత్తయ్యగారు 68 కిలోలన్నారు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క ఒంటి బరువు కిలోకి 0.83 గ్రాముల ప్రోటీన్, అంటే రోజుకి 56 గ్రాములు. మనం తినే పలచటి పప్పుచారుతో అది రాదు. ముప్పై గ్రాముల కందిపప్పు ఉడికిస్తే వచ్చేది ఆరేడు గ్రాములే, గుడ్డుకి మరో ఆరు. నేను పెసరట్టు, శనగలు, పెరుగు, గుడ్లు కలిపి లెక్క పూర్తి చేస్తున్నా. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడిగే పెంచండి.

కోనసీమ_కోడలు:
పెసరట్టు పిండి దేంట్లో రుబ్బుతున్నారు? 🙂

తిరగలి_తాయారు:
మళ్ళీ మొదలెట్టారా?

నిర్వాహకుడు:
రుబ్బురోలు గురించి వేరే చర్చ పెట్టుకోండి. ఇక్కడ వస్తే తీసేస్తాను.

రాజమండ్రి_అత్తయ్య:
దీపావళి హడావిడి అయ్యాక వచ్చి చూస్తే ఇంత జరిగిందా! ఆరు వారాలుగా గోడ పుషప్స్, బాటిల్ చేస్తున్నా. ఇప్పుడు రెండు లీటర్ల బాటిల్‌కి వచ్చాను. మొదటి వారం జడ వేసుకోవడానికి చేతులు లేవలేదు, వనజగారి అమ్మగారు గుర్తొచ్చారు. టేపులో పావంగుళం కూడా తేడా లేదు. కానీ మొన్న పదికిలోల బియ్యం డబ్బా అటక మీద నుంచి నేనే దించాను, మా ఆయన్ని పిలవలేదు. ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నారు. అన్నట్టు నా మూడో ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. టైలర్ రెండుసార్లు ఫోన్ చేశాడు.

చీరాల_కుట్టుమిషన్:
క్షమించండి అక్కా, ఇప్పుడే చూశాను. పొట్టి చేతులు పెట్టించకండి, అంచు సరిగ్గా లావు దగ్గర కోసినట్టు పడి ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. మోచేతికి అంగుళంన్నర పైన ఆపించండి. బిగుతుగా కుట్టిస్తే కింద ఉబ్బుతుంది, వేలు దూరేంత వదులు ఉండాలి. లోపల రెండువైపులా అంగుళం గుడ్డ వదలమనండి, పెళ్ళి నాటికి చేతులు ఎటు మారినా విప్పుకోవచ్చు. వంకీకి ఇన్ని పాట్లు ఎందుకు? కంసాలికి ఇస్తే వెనక చిన్న గొలుసు, కొక్కెం పెట్టిస్తాడు. మా అత్తగారిది అలాగే చేయించాం.

రాజమండ్రి_అత్తయ్య:
గొలుసు! ఈ మాట వినాయక చవితికే ఎవరైనా చెప్పి ఉంటే! సరే, రేపే కంసాలి దగ్గరికి వెళ్తా. బాటిల్ మాత్రం ఆపను.

వరంగల్_వనజ:
నిర్వాహకులు తీసేసినా సరే, ఒక మాట. మా అమ్మ రుబ్బురోలు పెరట్లో పడి ఉంది. మంచి నల్లరాయి, పొత్రంతో సహా. కోనసీమ కోడలుగారు వచ్చి తీసుకెళ్తానంటే ఉచితం. ఎత్తడానికి నలుగురు కావాలి.

కోనసీమ_కోడలు:
ట్రాన్స్‌పోర్ట్ ఎవరు పెట్టుకుంటారు?