పుస్తకాల షాపు దగ్గర ఆపితే మాత్రం కారు స్టార్ట్ కావట్లేదు, ఎందుకంటారు?

పేజీమడత:

అందరికీ నమస్కారం. విషయం వినడానికి విడ్డూరంగా ఉంటుంది, అయినా పూర్తిగా చదివి చెప్పండి. నాది పాత పెట్రోల్ కారు. పొద్దున ఇంటి దగ్గర తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది. సాయంత్రం ఆఫీసు దగ్గరా అంతే, ఏ పేచీ ఉండదు. బంకులో ఆపి పెట్రోల్ కొట్టించుకుని వెంటనే తాళం తిప్పినా పలుకుతుంది. కానీ ఆఫీసు నుంచి వస్తూ దారిలో పుస్తకాల షాపు దగ్గర ఆపి, లోపల కాసేపు తిరిగి బయటికి వచ్చేసరికి మాత్రం మొరాయిస్తుంది. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. అలా కొడుతూ కొడుతూ విసుగొచ్చి వదిలేసి ఇంకాసేపు ఆగి చూస్తే, ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. ప్రతిసారీ కాదు గానీ, చేస్తే ఇక్కడే చేస్తుంది.

మెకానిక్‌కి చూపిస్తే ఆయన ముందు ఒక్కసారి కూడా చేయలేదు. "బండిలో ఏమీ లేదు" అని పంపేశారు.

దీని గురించి ఇంటర్నెట్‌లో వెతుకుతుంటే వెనీలా ఐస్‌క్రీమ్ కథ ఎదురైంది. మీలో చాలామంది చదివే ఉంటారు. ఒకాయన ఓ కార్ల కంపెనీకి ఉత్తరం రాస్తాడు: నేను రోజూ రాత్రి ఐస్‌క్రీమ్ కొనడానికి కారులో వెళ్తాను, వేరే ఏ రకం కొన్నా కారు స్టార్ట్ అవుతుంది, వెనీలా కొన్న రోజు మాత్రం కాదు అని. కంపెనీవాళ్ళు ఓ ఇంజినీరును పంపితే ఆయన చూస్తుండగానే అలాగే జరుగుతుంది. చివరికి తేలిందేమిటంటే, వెనీలా ఎక్కువగా అమ్ముడుపోతుంది కాబట్టి దాన్ని షాపు ముందువైపే పెట్టారు, చప్పున కొని వచ్చేస్తాడు, ఆ కాస్త టైములో ఇంజిన్ చల్లబడదు. మిగతా రకాలకి లోపలికి వెళ్ళి లైన్లో నిలబడాలి కాబట్టి ఆలస్యమవుతుంది, ఈలోపు ఇంజిన్ చల్లబడుతుంది.

నా రెండు ప్రశ్నలు. ఈ కథ నిజంగా జరిగిందా? నా కారుకి ఉన్నది ఆ జబ్బేనా? బండి వల్ల ఇప్పుడు ఆ షాపులో ఉన్నంతసేపూ టెన్షనే. పుస్తకం తీసి వెనక అట్ట మీద రాసింది చదువుతూ ఉంటాను, ఒక్క ముక్క తలకెక్కదు, ధ్యాసంతా బయట కారు మీదే. పుస్తకాల మధ్య తీరిగ్గా గడిపే ఆ కాసేపు నాకు చాలా ముఖ్యం, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

సెల్ఫ్‌మోటార్:

పేజీమడత గారూ, మీరు రాసింది విడ్డూరమేమీ కాదు, మెకానిక్‌కి కావాల్సిన సమాచారమంతా అందులోనే ఉంది. కారుకీ షాపుకీ సంబంధం లేదు గానీ, షాపులో మీరు గడిపే టైముకి ఉంది. బంకులో రెండు మూడు నిమిషాలు ఆగుతారు. ఆఫీసులో రోజంతా. పుస్తకాల షాపులో ఓ ఇరవై నిమిషాల నుంచి అరగంట దాకా ఉంటారనుకుంటా. వేడిగా ఉన్న ఇంజిన్‌కి సరిగ్గా ఆ మధ్య గ్యాపే గడ్డుకాలం.

ఆపగానే ఇంజిన్ చల్లబడుతుందనుకుంటాం గానీ మొదట జరిగేది దానికి ఉల్టా. నడుస్తున్నంతసేపూ కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తిరుగుతుంది, ఎదురుగాలి తగులుతుంది. తాళం తీసేశాక ఇవన్నీ ఆగిపోతాయి (కొన్ని కార్లలో ఫ్యాన్ కాసేపు తిరుగుతుంది, అది వేరే). ఇంజిన్ బ్లాకులో ఉన్న వేడి బయటికి పోయే దారి లేక చుట్టుపక్కల పైపులకీ వైర్లకీ సెన్సర్లకీ ఎక్కుతుంది. అంటే బానెట్ కింద వేడి, ఇంజిన్ ఆపాక కాసేపటివరకూ పెరుగుతూనే ఉంటుంది, ఆ తర్వాతే మెల్లగా దిగుతుంది. దీన్ని హీట్ సోక్ అంటారు. బంకులో మీరు ఆగేది తక్కువ కాబట్టి ఆ వేడి ఇంకా ఎక్కి ఉండదు, ఆఫీసులోనేమో అది ఎప్పుడో దిగిపోయి ఉంటుంది.

వెనీలా కథ సంగతి. అది ఇంటర్నెట్ రాకముందు నుంచే నోటా నోటా, అచ్చులోనూ తిరుగుతున్న కథ, చెప్పేవాళ్ళని బట్టి వివరాలు మారుతుంటాయి. ఫలానా చోట ఫలానా ఆయనకి జరిగిందని రుజువు లేదు. కానీ అందులో కారణంగా చెప్పే వేపర్ లాక్ (వేడికి పెట్రోల్ ఆవిరై దారికి అడ్డుపడటం) మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం. కార్బ్యురేటర్ (పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజిన్‌కిచ్చే పాతకాలపు భాగం) ఉన్న కార్లలో పెట్రోల్ పంపు ఇంజిన్ మీదే బిగించి ఉండేది. వేడికి పంపులోనూ పైపులోనూ పెట్రోల్ ఆవిరైపోయేది. ఆ పంపు ద్రవాన్ని లాగగలదు గానీ ఆవిరిని లాగలేదు, దాంతో ఇంజిన్‌కి పెట్రోల్ అందదు. పాత డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ కప్పి కాసేపు కూర్చునేది ఇందుకే.

మీ కారు ఎంత పాతదైనా ఫ్యూయల్ ఇంజెక్షన్‌ది అయితే వేపర్ లాక్‌కి అవకాశం తక్కువ. పంపు ట్యాంకులోనే ఉండి, మామూలుగా 3 బార్‌కి అటూ ఇటూగా ఒత్తిడి పెట్టి పెట్రోల్‌ని ముందుకి తోస్తుంది. ఒత్తిడిలో ఉన్న పెట్రోల్ అంత తేలిగ్గా మరగదు. కాకపోతే ఇంజిన్ ఆపాక ఆ ఒత్తిడిని నిలబెట్టే చిన్న వాల్వు పాడైతే ఒత్తిడి జారిపోతుంది, అప్పుడు పాత కథే మళ్ళీ మొదలు. ఇది ఒక అనుమానం. ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మేది) కారి పెట్రోల్ ఎక్కువైపోవడం రెండోది. ఇంజిన్ తిరుగుతోందని కారులోని కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సర్ మూడోది, నాకు ఎక్కువ అనుమానం దీని మీదే.

ఈసారి మొరాయించినప్పుడు కంగారు పడకుండా ఇలా చేయండి. సెల్ఫ్ కొడుతూ ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎమ్ ముల్లు చూడండి, కొంచెమైనా లేస్తోందా, సున్నా దగ్గరే పడుకుందా? తర్వాత తాళాన్ని ఆన్ దాకా తిప్పి, సెల్ఫ్ కొట్టకుండా వెనక ట్యాంకు వైపు చెవి పెట్టండి, పంపు జుయ్‌మని ఓ రెండు సెకన్లు మోగాలి. అలా కొన్నిసార్లు ఆన్ ఆఫ్ చేసి ఆ తర్వాత సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుందంటే ఒత్తిడి జారుతున్నట్టు. అదీ కాకపోతే యాక్సిలరేటర్ పూర్తిగా నేలకి తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి. చాలా ఇంజెక్షన్ కార్లలో అలా తొక్కితే కంప్యూటర్ ఇంజెక్టర్లని ఆపేస్తుంది, ఎక్కువైన పెట్రోల్ బయటికి పోతుంది. దానికి స్టార్ట్ అయితే ఇంజెక్టర్ కారుతుండాలి, లేదా కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ తప్పు లెక్క చెబుతుండాలి. వేడి ఇంజిన్‌ని చల్లగా ఉందని చెబితే కంప్యూటర్ అనవసరంగా పెట్రోల్ ఎక్కువ పోయిస్తుంది.

ఏది చేస్తే ఏమైందో ఇక్కడ రాయండి.

బానెట్‌కింద:

పైన చెప్పినవన్నీ ఒప్పుకుంటాను గానీ ముందు బ్యాటరీ చూపించండి సార్, ఖర్చులేని పని. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు ఆగాక 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 దగ్గరుంటే సగమే ఉంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10 కంటే బాగా కిందికి పడిపోతుంటే బ్యాటరీ అయినా నీరసపడి ఉండాలి, టెర్మినల్స్ అయినా తుప్పు పట్టి ఉండాలి. పాతబడ్డ స్టార్టర్ వేడెక్కితే కరెంటు ఎక్కువ లాగొచ్చు కూడా. సెల్ఫ్ బాగా తిరుగుతోందని మీరు చెవితో విని చెబుతున్నారు, మీటరు పెట్టి చూస్తే వేరేగా ఉండొచ్చు.

ఇంకో మాట. మెకానిక్ దగ్గర చేయట్లేదంటే ఆయన తప్పు కాదు. బండి అక్కడికి వెళ్ళగానే స్టార్ట్ చేస్తే వేడి ఎక్కి ఉండదు, సాయంత్రం దాకా ఉంచితే దిగిపోయి ఉంటుంది. మీరు బాగా తిప్పి తీసుకెళ్ళి, షెడ్డు ముందు ఆపి, ఓ ఇరవై అయిదు నిమిషాలు అక్కడే కూర్చోండి. అప్పుడు ఆయన చేతే తాళం తిప్పించండి. నేను ఎవరికైనా ఇదే చెబుతాను, జబ్బు కనపడే టైముకి బండిని డాక్టరు ముందు ఉంచాలి.

అటకమీదిపెట్టె:

కార్ల గురించి నాకు ఓనమాలు కూడా రావు, పుస్తకాల షాపు అన్నారని వచ్చాను. మీ ప్రశ్న చదవగానే ఇంకో ఉత్తరం గుర్తొచ్చింది, ఇది కథ కాదు, నిజంగా అచ్చయింది. 1985లో జపాన్‌లో పుస్తకాల మీద వచ్చే ఓ పత్రికకి మారికో అయోకి అనే ఆవిడ రాశారు. ఎందుకో తెలియదు గానీ పుస్తకాల షాపుకి వెళ్ళినప్పుడల్లా నాకు టాయిలెట్‌కి వెళ్ళాల్సి వస్తోంది అని, అంతే. నాకూ అంతే, నాకూ అంతే అని పాఠకుల నుంచి ఉత్తరాలు వచ్చి పడితే పత్రికవాళ్ళు తర్వాతి సంచికలో దాని మీద ప్రత్యేకంగా వ్యాసమే వేశారు. ఇప్పుడు ఆ వింతకి ఆవిడ పేరే ఉంది, మారికో అయోకి ఫినామినన్ అని వెతకండి, వికీపీడియాలో బారెడు వ్యాసం ఉంది. ఇంటర్నెట్‌లో నాకు బాగా ఇష్టమైన పేజీల్లో అదొకటి.

కారణాలు చాలామంది చెప్పారు. కాగితం, సిరా వాసన అని కొందరు. టాయిలెట్‌లో చదివే అలవాటున్నవాళ్ళకి పుస్తకాన్ని చూడగానే ఒళ్ళు అలా స్పందిస్తుందని కొందరు. షాపులో టాయిలెట్ ఉండదేమో అన్న బెంగ వల్లే అని ఇంకొందరు. కింది అరల్లో పేర్లు చదవడానికి వంగడం, గొంతుక్కూర్చోవడం వల్ల కడుపు మీద ఒత్తిడి పడుతుందని కూడా అన్నారు, నాకు ఇది కాస్త నమ్మదగ్గదిగా అనిపిస్తుంది. ఏదీ రుజువు కాలేదు. ఆవిడ ఇదేం రాస్తాంలే అని సిగ్గుపడి ఊరుకుని ఉంటే, అంతమంది ఎవరికి వాళ్ళు నా ఒక్కరికేనేమో అనుకుంటూ ఉండేవాళ్ళు. మీరూ రాసి మంచి పని చేశారు.

వెనీలా అన్నారు కాబట్టి ఇంకొకటి. పాత పుస్తకం తెరిచినప్పుడు వచ్చే ఆ తియ్యటి వాసనలో వెనీలా ఛాయ నిజంగానే ఉంటుంది. కాగితంలో ఉండే లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఏళ్ళ తరబడి విరిగిపోతుంటే పుట్టేవాటిలో వెనిలిన్ ఒకటి, వెనీలాకి ఆ వాసన ఇచ్చే పదార్థమూ అదే. 2009లో యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కి చెందిన మతియా స్ట్రిలిచ్ బృందం పాత కాగితాల నుంచి వచ్చే ఆవిర్లని విశ్లేషించి, పుస్తకాన్ని చింపి ముక్క తీయకుండా వాసనని బట్టే కాగితం ఎంత దెబ్బతిన్నదో చెప్పొచ్చని చూపించింది. పాత లైబ్రరీలకి ఎంత మేలో చూడండి.

పేజీమడత:

అందరికీ థ్యాంక్స్. అటకమీదిపెట్టె గారూ, అయోకి గారి ఉత్తరం గురించి ఇంట్లో అందరికీ చెప్పాను.

బ్యాటరీ చూపించాను, 12.6 ఉంది, సెల్ఫ్ కొట్టినప్పుడు కూడా 10కి పైనే నిలబడింది. తర్వాత సెల్ఫ్‌మోటార్ గారు చెప్పినట్టు షాపు దగ్గర ఆపి, ఈసారి కావాలనే అరగంట లోపలే ఉన్నాను. బయటికొచ్చి తాళం తిప్పితే మొరాయించింది. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ ఆర్‌పీఎమ్ ముల్లు సున్నా మీదే ఉంది, అసలు కదల్లేదు. పంపు చప్పుడు వినపడింది. ఆన్ ఆఫ్ చేసినా లాభం లేదు, యాక్సిలరేటర్ తొక్కిపట్టినా లాభం లేదు. వదిలేసి మళ్ళీ లోపలికెళ్ళి, ఇంకో పుస్తకం తిరగేసి వచ్చి కొడితే ముల్లు లేచింది, ఇంజినూ అందుకుంది.

సెల్ఫ్‌మోటార్:

ఇక పెద్దగా వెతకక్కర్లేదు, క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సరే అయి ఉండాలి. ఇంజిన్ తిరుగుతోందని, ఏ పిస్టన్ ఎక్కడుందని కంప్యూటర్‌కి చెప్పేది అదే. దాని నుంచి సిగ్నల్ రాకపోతే కంప్యూటర్ దృష్టిలో ఇంజిన్ ఆగి ఉన్నట్టే, కాబట్టి చాలా కార్లలో స్పార్కూ ఇవ్వదు, పెట్రోలూ ఇవ్వదు. ముల్లు కదలకపోవడమూ అందుకే. చాలా పాత కార్లలో ఈ సెన్సర్ లోపల సన్నటి రాగి తీగ చుట్ట ఉంటుంది. ఎక్కడో వెంట్రుకవాసి విరిగి ఉంటే చల్లగా ఉన్నప్పుడు ఆ చివర్లు తగులుతూ ఉంటాయి, వేడికి వ్యాకోచించి విడిపోతాయి, చల్లబడగానే మళ్ళీ తగులుతాయి. అందుకే మెకానిక్ ముందు బుద్ధిగా ఉంది.

స్కానర్ పెట్టించండి, పీ0335 అనే కోడ్ ఉంటే ఇదే. కోడ్ లేకపోయినా సెన్సర్ మీద అనుమానం వదలకండి, అప్పుడప్పుడూ వచ్చే లోపం కోడ్‌గా నమోదు కాకపోవచ్చు. ఆలస్యం మాత్రం చేయకండి. ఇవాళ షాపు ముందు ఆగింది, ఇదే సెన్సర్ నడిరోడ్డు మీద వేడెక్కి ఊరుకుంటే నడుస్తున్న ఇంజిన్ టక్కున ఆగిపోతుంది, పవర్ స్టీరింగూ బ్రేకూ ఒక్కసారిగా బరువెక్కుతాయి.

దారినపోయేవాడు:

సందర్భం కాదేమో గానీ, ఉత్తరాలంటున్నారు కాబట్టి చెబుతున్నా. పెట్రోల్ మీటరు పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది కదా, ట్యాంకు మూత ఎటువైపు ఉందో చెప్పడానికి. అది కూడా ఒక కాగితంతోనే మొదలైంది. 1986లో ఫోర్డ్‌లో పనిచేసే జిమ్ మోయ్లన్ కంపెనీ కారు తీసుకుని బంకుకి వెళ్తే మూత అవతలివైపు ఉందట, పైన వాన. తిరిగొచ్చి, డ్రైవరుకి కనపడేలా ఓ గుర్తు పెడదామని మెమో రాసి పైవాళ్ళకి ఇచ్చారు. 1989 మోడళ్ళ నుంచి వచ్చేసింది. ఏళ్ళ తరబడి కారు నడిపేవాళ్ళలో కూడా ఆ బాణాన్ని గమనించనివాళ్ళు ఉన్నారు, అందుకే ఇంటర్నెట్‌లో ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు దాన్ని కొత్తగా కనుక్కుంటూనే ఉంటారు.

పేజీమడత:

మార్పించాను. స్కానర్‌లో పీ0335 ఉంది. బానెట్‌కింద గారు చెప్పినట్టే బండిని బాగా తిప్పి తీసుకెళ్ళి షెడ్డు ముందు కూర్చుంటే, మెకానిక్ చేతిలోనే మొరాయించింది, ఆయనకి కూడా అప్పుడు నమ్మకం కుదిరింది. పాత సెన్సర్ విప్పి చూపించారు, కనెక్టర్ దగ్గర వైరు తొడుగు ఎండిపోయి, వేలితో వంచగానే పెళుసుగా విరిగింది. కొత్తది వేశాక షాపు దగ్గర ఎంతసేపు ఆపినా తాళం తిప్పగానే పలుకుతోంది. నిన్న కింది అరల దాకా అన్నీ చూసే వచ్చాను.

సెల్ఫ్‌మోటార్:

సంతోషం. వైరు తొడుగు అంతగా ఎండిందంటే అది ఎక్కడో వేడి భాగానికి ఆనుకుని ఉండి ఉండాలి. కొత్త వైరుని ఎగ్జాస్ట్‌కి దూరంగా, క్లిప్పులో బిగించారో లేదో ఒకసారి బానెట్ ఎత్తి చూడండి, వేలాడుతుంటే మళ్ళీ తీసుకెళ్ళి కట్టించుకోండి.