హాస్టల్ చప్పుళ్లలో చదువు సాగడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న:
అమీర్‌పేట హాస్టల్‌లో ఉండి గ్రూప్-2కి చదువుతున్నాను. నాకు ఏడీహెచ్‌డీ (దృష్టి ఒకచోట నిలవని సమస్య) ఉందని పోయినేడాది డాక్టర్ చెప్పారు. మందులు వాడుతున్నాను. అయినా పక్క మంచం మీద రీల్స్ మోత, ట్యూబ్‌లైట్ మినుకు, కింద మెస్‌లో పోపు వాసన, అన్నీ ఒక్కసారే మీద పడతాయి. పాలిటీలో ఒకే పేజీ నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కదు. మీరెలా నెట్టుకొస్తున్నారు?

జవాబు:
తమ్ముడూ, నాదీ అదే బాధ. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ కొనుక్కో. ఊరికే దూర్చితే పనిచేయవు. వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవి పైఅంచు వెనక్కి లాగి పెట్టు. ఉబ్బేదాకా వేలితో అదిమి ఉంచు. చప్పుడు పూర్తిగా పోదు గానీ మాటలు మసకబారతాయి. నన్ను లాగేసేది చప్పుడు కాదు, అందులోని మాటలే. ట్యూబ్‌లైట్ ఆర్పేసి టేబుల్ ల్యాంప్ ఒక్కటే వేసుకుంటాను, కుర్చీ గోడవైపు తిప్పి.

జవాబు:
నాకు నిశ్శబ్దం పడదన్నా. ఫ్యాన్ హోరు ఉండాల్సిందే. ఎడమ చేతిలో చింతపిక్క తిప్పుతూ చదువుతాను, కాలు ఊపడం తగ్గింది.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, నిన్న ప్లగ్స్ పెట్టుకుని ప్రాథమిక హక్కులు, 12 నుంచి 35 అధికరణలు, కూర్చున్నచోటే పూర్తిచేశాను! చెవి కాస్త నొప్పెట్టింది. మధ్యలో తీసేస్తుంటావా?