ఏఐ సెర్చ్ కోసం జవాబు మొదటి పేరాలోనే పెట్టేయాలా? (చర్చ)

ఆవకాయమ్మ
2011 నుంచి ఊరగాయల బ్లాగు రాస్తున్నాను. ఈ ఎండాకాలం సెర్చ్ కన్సోల్ (గూగుల్ ఇచ్చే సైటు లెక్కల పేజీ) తెరిచి చూస్తే ఇంప్రెషన్లు, అంటే సెర్చ్‌లో నా లింకు కనిపించిన సార్లు, నిరుటిలాగే ఉన్నాయి, క్లిక్కులు మాత్రం సగానికి సగం లేవు. మా అబ్బాయి స్నేహితుడు చూసి, "ఆంటీ, కొలతలు మొదటి పేరాలో పెట్టేయండి, అమ్మమ్మ కబుర్లు కిందికి తోసేయండి, అప్పుడు ఏఐ జవాబులో మీ లింకు వస్తుంది" అన్నాడు. నా పద్ధతి వేరు. ముందు కాయ ఎంచుకోవడం, తడి లేకుండా తుడవడం, రాళ్ల ఉప్పు ఎండబెట్టి దంచడం, ఆ తర్వాతే కొలత. కొలత ముందే చెప్పేస్తే మిగతాది ఎవరూ చదవరు. బూజు పట్టాక మళ్లీ నన్నే అంటారు. ఈ ఏఐ సెర్చ్ కోసం ఈ వయసులో రాత మార్చుకోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

ర్యాంకు రాజు
మార్చుకోవాలండీ, ఇందులో చర్చకేముంది? పన్నెండేళ్లుగా సైట్లని సెర్చ్‌లో పైకి తేవడమే నా పని. మీ కంటే ముందు ఎన్ని మారాయో చూడండి. పేజీ కోడ్‌లో మెటా కీవర్డ్స్ అని మాటల జాబితా నింపితే చాలనుకునే రోజులుండేవి. వాటిని ర్యాంకింగ్‌లో అసలు చూడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. 2011లో పాండా అనే గూగుల్ అప్‌డేట్ వచ్చి చెత్త ఆర్టికల్స్ కుప్పపోసిన సైట్లని ముంచింది. ప్రశ్నలు జవాబులు అని ఎఫ్ఏక్యూ మార్కప్ (సెర్చ్‌కి అర్థమయ్యే కోడ్) పెట్టి రిజల్ట్స్‌లో రెండింతల చోటు కొట్టేసేవాళ్లం, 2023 ఆగస్టులో అదీ ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకి తప్ప మిగతావాళ్లకి తీసేశారు. ఇన్ని పోయినా, అడిగినదానికి ముందు సూటిగా జవాబు చెప్పిన పేజీకి ఎప్పుడూ నష్టం రాలేదు. రిజల్ట్స్ పైన డబ్బాలో వచ్చే ఫీచర్డ్ స్నిపెట్ అయినా, ఇప్పుడు గూగుల్ ఏఐతో రాసి పైన పెట్టే ఏఐ ఓవర్‌వ్యూ అయినా ఎత్తుకునేది ఆ ముక్కనే. మీ అమ్మమ్మ మీద నాకు గౌరవమే గానీ, ఆవిడ ఎనిమిదో పేరాలో కూర్చుంటే నష్టమేం లేదు.

చలిమిడి
అసలు మీ ఆవకాయలో వెల్లుల్లి వేస్తారా వెయ్యరా? అది తేలాక మిగతాది మాట్లాడదాం.

ఆవకాయమ్మ
రాజు గారూ, మా అమ్మమ్మ కబుర్లు నేను మొదటి పేరాలో రాయలేదు. కాయ తుడవడం రాశాను. మీరు నా టపా తెరవకుండానే చెప్తున్నారు.

ర్యాంకు రాజు
తెరిచానండీ. "మా ఇంట్లో చైత్రం రాగానే" అని మొదలైంది. కాయ తుడవడం రెండో పేరా.

ఆవకాయమ్మ
ఆ వాక్యం ఒక్కటే. తర్వాత వాక్యం నుంచీ కాయే.

బాట్ బుచ్చి
మొదటి పేరానా రెండో పేరానా అని మీరిద్దరూ కొట్టుకోండి గానీ, నాకో అనుమానం. ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ వాళ్లు అమెరికాలో 2025 మార్చి బ్రౌజింగ్ చూసి లెక్క తీశారు. ఏఐ సారాంశం కనిపించినప్పుడు మామూలు లింకు నొక్కింది 8 శాతం సార్లు, కనిపించనప్పుడు 15 శాతం. ఆ సారాంశంలోపల ఇచ్చిన లింకు నొక్కింది 1 శాతం. రాజు గారూ, ఆ ఒక్క శాతం కోసం ఈవిడ ఇల్లంతా సర్దుకోవాలా?

ర్యాంకు రాజు
ఆ ఒక్క శాతమైనా ఎవరికో ఒకరికి పోతుంది కదా, మనకెందుకు రాకూడదు? ఇంకో మాట. 2023లో ప్రిన్స్‌టన్, ఐఐటీ ఢిల్లీ వాళ్లు కలిసి రాసిన పేపర్ ఉంది, దాంట్లోనే జీఈఓ (జెనరేటివ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్, ఏఐ జవాబుల్లో కనిపించేలా పేజీని మార్చడం) అనే పేరు పెట్టారు. పేజీలో అంకెలు, ఆధారాలు, కోట్‌లు చేరిస్తే ఏఐ జవాబుల్లో కనిపించడం 40 శాతం దాకా పెరిగింది. కీవర్డ్ కూరితే ఉపయోగం లేదు. ఇది నేను చెప్పేది కాదు, పరిశోధన.

బాట్ బుచ్చి
చదివాను. వాళ్లు కొలిచింది జవాబులో మన వాటా ఎంత కనిపించిందని. ఎంతమంది మన ఇంటికొచ్చారని కాదు. పెళ్లిలో మన పేరు మైకులో చదివారు, భోజనం మాత్రం పెట్టలేదు, అలాంటిది. పైగా ఆ ప్రశ్నలు ఇంగ్లిష్‌వి. తెలుగు పేజీకి అంతే పెరుగుతుందని అందులో ఎక్కడుంది?

నెల్లూరు నెరజాణ
రోబోట్స్ ఫైల్లో (పేజీలు చదివే బాట్ ప్రోగ్రాముల్లో దేన్ని రానివ్వాలో చెప్పే ఫైలు) గూగుల్-ఎక్స్‌టెండెడ్ అని ఆపేయండి అక్కా, పీడా పోతుంది.

బాట్ బుచ్చి
పోదు. ఇది చాలామంది పొరబడే చోటు. గూగుల్-ఎక్స్‌టెండెడ్ ఆపితే గూగుల్ వాళ్ల ఏఐ జెమినై శిక్షణకి, జెమినై యాప్ జవాబులకి మీ రాత వాడకుండా ఉంటారు, అంతవరకే. సెర్చ్‌లో వచ్చే ఏఐ ఓవర్‌వ్యూకి చదివేది మామూలు గూగుల్‌బాటే. దాన్ని ఆపితే మామూలు సెర్చ్ నుంచీ పోతారు. అలాగే చాట్‌జీపీటీ వాళ్లు శిక్షణ కోసం పంపే జీపీటీబాట్ వేరు, చాట్‌జీపీటీ సెర్చ్‌కి వచ్చే ఓఏఐ-సెర్చ్‌బాట్ వేరు. మొదటిది ఆపి రెండోదాన్ని రానివ్వచ్చు. గూగుల్ దగ్గర మనకున్నవాటిలో నోస్నిపెట్ (పేజీలోంచి ముక్కలు చూపించొద్దని చెప్పే ట్యాగ్) ఒకటి, పేజీలో ఒక ముక్కకి మాత్రమే కావాలంటే డేటా-నోస్నిపెట్. పెడితే ఆ ముక్క ఏఐ జవాబులో రాదు, మామూలు రిజల్ట్ కింద రెండు లైన్లలోనూ రాదు. ఈమధ్య ఏఐల కోసమని ఎల్ఎల్ఎమ్స్ డాట్ టెక్స్ట్ అని ఇంకో ఫైలు పెట్టమని అమ్ముతున్నారు, గూగుల్ దాన్ని వాడట్లేదని వాళ్లే చెప్పారు. డబ్బులు పెట్టకండి.

డల్లాస్ కోడలు
నేను తెలుగు చదువుతాను గానీ టైప్ చేయను. ఆవకాయ కొలతలు అని ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతాను. మా ఫ్రెండ్స్ అందరూ అంతే.

ర్యాంకు రాజు
ఇదిగో, ఇది అసలు సంగతి. ఆవకాయమ్మ గారూ, మీ టపాల అడ్రస్‌లు చూశారా? బ్లాగర్‌లో శీర్షిక తెలుగులో పెడితే లింకులో ఆ మాట రాదు, ఉత్త "బ్లాగ్-పోస్ట్_27" అని వస్తుంది. మీవన్నీ అంతే. మాగాయ, తొక్కుడు పచ్చడి, ఉసిరికాయ, ఏది ఏదో లింకు చూస్తే మనిషికే తెలీదు. పబ్లిష్ చేసేముందు పక్కన పర్మాలింక్ అని ఉంటుంది, అక్కడ ఇంగ్లిష్ అక్షరాల్లో పేరు మీరే రాసుకోవచ్చు. పాతవాటి జోలికి పోకండి, లింకులు తెగుతాయి. కొత్తవాటికి చేయండి. ఈ చర్చలో ఇంతసేపటికి మీకు పనికొచ్చే మాట ఇదొక్కటే చెప్పాను.

ఆవకాయమ్మ
ఇది నిజంగా నాకు తెలీదు. థాంక్స్ అండీ.

పొలంగట్టు
నమస్కారం. వ్యవసాయ శాఖలో పని చేసి రిటైరయ్యాను, గుంటూరు. మిర్చి రైతుల కోసం చిన్న సైటు పెట్టాను. 2021లో మిర్చి మీద నల్ల తామర పురుగు విరుచుకుపడిన ఏడాది రైతులు ఫోన్లో వెతికీ వెతికీ నా పేజీకి వచ్చేవారు. ఇప్పుడు ఎవరూ రావట్లేదు. నా బాధ రాకపోవడం గురించి కాదు. ఫోన్లో ఏఐని అడిగి నేరుగా మందుల షాపుకి పోతున్నారు. అది సరిగ్గా చెప్తే నాకేం అభ్యంతరం లేదు, నా పేరు కూడా అక్కర్లేదు. కానీ నా సైటులో ఉన్న మాట దానికి తెలియదు అనిపిస్తోంది. నీలి రంగు జిగురు అట్టలు పెట్టమని నేను ఏళ్లుగా రాస్తున్నా, అడిగితే నా పేజీ లేనట్టే జవాబిస్తుంది.

బాట్ బుచ్చి
మాస్టారూ, మీ సైటు చూశాను. రెండు ఇబ్బందులు. ఎవరో కుర్రాడు బాగా మెరిసేలా కట్టాడు గానీ అంతా జావాస్క్రిప్ట్, అంటే పేజీలో ప్రోగ్రాం నడిస్తేనే అక్షరాలు వస్తాయి. మన ఫోన్లో తెరిస్తే కనిపిస్తుంది, పేజీ సోర్సు చూస్తే ఖాళీ. గూగుల్ దాన్ని నడిపించి చదువుకుంటుంది, మిగతా ఏఐ బాట్లలో చాలావాటికి ఆ ఓపిక లేదు, ఖాళీ పేజీ చూసి పోతాయి. రెండోది, మందుల పట్టికలన్నీ కరపత్రాల పీడీఎఫ్‌లు, పాత డీటీపీ ఫాంటు అనూలో కొట్టినవి. అందులోంచి ఒక లైను కాపీ చేసి ఇక్కడ పెడదామని చూశా, తెలుగు బదులు బ్రాకెట్లు, డాలర్ గుర్తులు వచ్చాయి. మీ కంటికి తెలుగు, యంత్రానికి అది గులకరాళ్ల మోత.

పొలంగట్టు
డీటీపీ సెంటర్ వాడు యూనికోడ్ (ఏ యంత్రమైనా చదవగల అక్షరాలు) కావాలంటే అదనంగా అవుతుందన్నాడు, ఆ రోజుల్లో వద్దన్నాను.

ర్యాంకు రాజు
చూశారా! టెక్నికల్‌గా సరిచేసుకోవాలి, జవాబు ముందు పెట్టాలి. నేను మొదట చెప్పింది ఇదే కదా.

ఆవకాయమ్మ
మీరు చెప్పింది అది కాదు. మీరు చెప్పింది కొలత పైకి తెమ్మని. ఎందుకు తేనో ఇప్పుడు చెప్తాను, ఇందాకటి నుంచీ చెప్పొద్దనుకున్నాను. మే నెలలో ఒకావిడ కామెంట్ పెట్టింది: "మీ కొలత నమ్మి అయిదు కిలోల కాయ పాడు చేసుకున్నాం, నోట్లో పెట్టుకోలేకపోతున్నాం, ఉప్పు కషాయం." నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. తర్వాత ఆవిణ్ణి అడిగితే నా టపా చదవలేదట, ఒక ఏఐ సెర్చ్‌లో చూసిందట, కింద నా బ్లాగు పేరు ఉందట. పేరెందుకు గానీ అది ఏం రాసిందంటే, "ఆవపిండి ఒక కప్పు, కారం ఒక కప్పు, ఉప్పు ఒక కప్పు". నేను రాసింది దంచి జల్లించిన రాళ్ల ఉప్పు. ఆవిడ వేసింది ప్యాకెట్ మెత్తటి ఉప్పు. కప్పు నిండా గట్టిగా కూరుకుంటుంది అది, బరువెంత తేడానో వంట చేసేవాళ్లకి తెలుసు. తప్పు యంత్రానిది, మాట నాకు. ఇప్పుడు చెప్పండి, ఇంకా పైకి తెచ్చి ఇంకా సులువుగా ఎత్తుకుపోనివ్వాలా?

డల్లాస్ కోడలు
అయ్యో. అయిదు కిలోలా?

ర్యాంకు రాజు
బాధాకరమే. కానీ అమ్మా, ఒక్క కామెంట్ పట్టుకుని మొత్తం పద్ధతి తప్పంటే ఎలా? మీకిది కాలక్షేపం, మాకు పొట్టకూడు.

ఆవకాయమ్మ
కాలక్షేపమా? మా ఆయన పోయాక ఆ బ్లాగు లేకపోతే నేను ఏమైపోయేదాన్నో మీకు తెలుసా? యాడ్స్ మీద వచ్చేది కరెంటు బిల్లుకి కూడా చాలదు. నాకు కావాల్సింది రోజూ కింద కామెంట్ రాసే ఆ పది మంది. "అత్తయ్యగారూ, మీరు చెప్పినట్టే పెట్టా" అని ఫొటో పంపుతారు. ఏఐ జవాబు చదివినవాళ్లలో ఒక్కరైనా నాకు ఫొటో పంపారా? తిట్టడానికి మాత్రం వచ్చారు. మీ పన్నెండేళ్ల అనుభవంలో దీనికి మందుందా?

ర్యాంకు రాజు
లేదు. ఉంటే నాకే వాడుకునేవాణ్ని. మూడు నెలల క్రితం పెద్ద క్లయింట్ ఒకడు నన్ను మాన్పించాడు. "క్లిక్కులు పడిపోయాయి, నువ్వేం చేస్తున్నట్టు" అన్నాడు. వాళ్ల పేజీల్లో జవాబులన్నీ నేనే పైకి తెచ్చాను, ఏఐ జవాబుల్లో వాళ్ల పేరు వస్తోంది కూడా. ఆ స్క్రీన్‌షాట్లు చూపిస్తే, "వీటితో జీతాలివ్వచ్చా?" అన్నాడు. అదీ సంగతి. సెర్చ్ కన్సోల్లో ఏఐ జవాబు నుంచి వచ్చిన క్లిక్కులు విడిగా కూడా కనిపించవు, మామూలు వెబ్ లెక్కలోనే కలిసిపోతాయి. నేను చేసిన పని నిరూపించుకునే దారి కూడా లేదు. అయినా ఇక్కడికొచ్చి అదే సలహా ఇస్తున్నానంటే, ఇంకో సలహా నా దగ్గర లేదు కాబట్టి.

చలిమిడి
ఈ మాట మొదటి పేరాలో పెట్టాల్సింది అన్నా. 🙂

మోడరేటర్
వ్యక్తిగతంగా వెళ్లొద్దు. అందరికీ.

పొలంగట్టు
అమ్మా, నాదీ మీ బాధే, మరో రకం. మందు మోతాదు "లీటరు నీటికి" అని ఒక చోట, "ఎకరాకు" అని ఒక చోట రాస్తాం. ఆ రెండు మాటలూ పట్టిక పైన శీర్షికలో ఉంటాయి, గళ్లలో ఉత్త అంకె. శీర్షిక ఊడిపోయి అంకె ఒక్కటే రైతు చేతికి పోతే ఏమవుతుందో ఆలోచించండి. అయితే దానికోసం పేజీ దాచుకోలేను నేను. రైతు నా దగ్గరికి రాడు, రావాల్సిన అవసరమూ లేదు. నా మాట అతని దగ్గరికి సరిగ్గా పోవాలి.

బాట్ బుచ్చి
ఇద్దరిదీ ఒకటే జబ్బు. ఈ యంత్రాలు పేజీ మొత్తం చదివి అర్థం చేసుకుని చెప్తాయని మనం అనుకుంటాం. చాలావరకు పేజీని ముక్కలుగా కోసి, ప్రశ్నకి దగ్గరగా ఉన్న ముక్కని ఎత్తుకుంటాయి. ఆవకాయమ్మ గారి టపాలో "ఉప్పు ఒక కప్పు" అని ఒక లైను, "ఇందాక చెప్పినట్టు దంచిన ఉప్పే సుమా" అని నాలుగు లైన్ల తర్వాత ఇంకోటి. మొదటి లైను ఎత్తుకుంది, రెండోది వదిలేసింది. కాబట్టి కొలత పైనున్నా కిందున్నా ఒకటే. ఇలా రాసి చూడండి: "దంచి జల్లించిన రాళ్ల ఉప్పు తలకొట్టి ఒక కప్పు, ప్యాకెట్ మెత్తటి ఉప్పయితే ముప్పావు కప్పు." ఒకే వాక్యం. విడదీయాలంటే కష్టపడాలి. మాస్టారూ, మీరు కూడా ప్రతి గడిలోనూ "లీటరు నీటికి" అని మళ్లీ మళ్లీ రాయండి, చదవడానికి విసుగ్గా ఉన్నా సరే.

పొలంగట్టు
రాస్తాను. ముందు ఆ అనూ ఫాంటు సంగతి. మొత్తం 40 కరపత్రాలున్నాయి, ఎవరు టైప్ చేస్తారు?

బాట్ బుచ్చి
కన్వర్టర్లున్నాయి, ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి, మీరు కూర్చుని దిద్దాలి. ముందు ఒకటి పంపండి.

ఆవకాయమ్మ
బుచ్చి బాబూ, వాక్యం నువ్వు చెప్పినట్టే మార్చాను, ముప్పావు అంటే ఇంకా ఎక్కువే, నేను అరకప్పు పైన రెండు చెంచాలన్నాను. మార్చి రెండు రోజులైంది. అదే ఏఐని అడిగాను, మళ్లీ "ఉప్పు ఒక కప్పు" అంది.

బాట్ బుచ్చి
మళ్లీ వచ్చి చదవడానికి టైం పడుతుందండీ. కొన్నిటికి రోజులు, కొన్నిటికి వారాలు.

ఆవకాయమ్మ
ఈలోపు ఇంకెవరో అయిదు కిలోలు పెడతారు. అందుకని కొలతల లైన్లు టపాలోంచి తీసేసి, కాగితం మీద నా చేత్తో రాసి ఫొటో తీసి పెట్టాను. పక్కనే దంచిన ఉప్పు గిన్నె కూడా పెట్టా, చూస్తేనే తెలిసేలా.

పొలంగట్టు
నేను ఫొటోలన్నీ అక్షరాలు చేసుకుంటుంటే మీరు అక్షరాలు ఫొటో చేశారా!

బాట్ బుచ్చి
ఫొటో కూడా చదివే యంత్రాలున్నాయి, నమ్ముకోకండి. పైగా చూపు లేక ఫోన్ చేత చదివించుకునేవాళ్లకి ఇప్పుడు మీ కొలత వినపడదు.

ఆవకాయమ్మ
వాళ్లు కామెంట్ పెడితే నేనే చెప్తాను. చెప్తూనే ఉన్నాగా పద్నాలుగేళ్లుగా.

ర్యాంకు రాజు
అమ్మా, దండం పెడతాను, ఆ ఫొటో తీసేసి అక్షరాల్లో పెట్టండి. మీ పేజీకి సెర్చ్‌లో మిగిలిందే ఆ నాలుగు లైన్లు. కావాలంటే జూన్ తర్వాత ఏమైనా చేసుకోండి, సీజన్లో మాత్రం వద్దు.

ఆవకాయమ్మ
సీజన్లోనే కదండీ ఉప్పు వేసేది.