వర్స్, వృత్తం, ఫుట్, పాదం

ఆంగ్ల ఛందస్సులోని ‘ఫుట్’ను తెలుగులో పాదమనవచ్చునా అన్న ప్రశ్నకు, అనకూడదన్నదే నా సమాధానం. ఆ రెండు మాటలూ ఒకే ఇండో-యూరోపియన్ ధాతువు నుంచి వచ్చినవే, రెండింటికీ అర్థం కాలే. కానీ ఛందస్సులో అడుగుపెట్టాక వాటి దారులు వేరయ్యాయి. గ్రీకులు పాదాన్ని ఎత్తి దించుతూ లయను కొలిచినందువల్ల వారికి అది పంక్తిలోని చిన్న కొలత అయింది. మన పెద్దలకు నాలుగు కాళ్ల జంతువు మనసులో ఉన్నందువల్ల పాదమంటే నాలుగోవంతు, అంటే పద్యంలో ఒక పూర్తి పంక్తి అయింది. పావుకిలో అనేటప్పటి ‘పావు’ కూడా ఈ పాదమే.

అందువల్ల ఒక్కో పంక్తిలో ఐదు ఫుట్‌లుండే ‘పెంటామీటర్’ను ఐదు పాదాలని అనువదిస్తే, తెలుగు పాఠకుడికి ఐదు పంక్తుల పద్యం కనిపిస్తుంది. ఒక అనువాదంలో నేనే ఈ పొరపాటు చేసి, అచ్చయ్యాక గుర్తించి ఎంతో బాధపడ్డాను. ఫుట్‌కు సరైన మాట గణమే. ఫుట్‌లలో ఒకటైన ‘డాక్టిల్’ అంటే గ్రీకులో వేలు. చూపుడువేలిని చాచి చూడండి, మొదటి కణుపు పొడవు, తక్కిన రెండూ పొట్టి, అంటే గురువు తరువాత రెండు లఘువులు. ఉత్పలమాలను ఆరంభించే భ గణం అచ్చంగా ఇదే. మరో ఫుట్ ‘అయాంబ్’, లఘువు తరువాత గురువు, మన వ గణం. అయితే గ్రీకులోనూ తెలుగులోనూ కొలిచేది అక్షరం పలికే కాలాన్ని, ఆంగ్లంలో కొలిచేది ఊనికను. ‘పోయెట్రీ’ అన్న మాటలో మొదటి అక్షరాన్ని నొక్కి పలుకుతారు కనుకనే అది డాక్టిల్ అవుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట, పద్యానికి ఆంగ్లంలో వాడే ‘వర్స్’. లాటిన్‌లో ‘వెర్సుస్’ అంటే మళ్లడం, నాగటి చాలు. గట్టు దాకా దున్నిన రైతు ఎడ్లను మళ్లించి పక్క చాలు పట్టినట్టే, కవి పంక్తి చివర మళ్లి కొత్త పంక్తి అందుకుంటాడు. వచనానికి వాడే ‘ప్రోజ్’ కూడా ఆ ధాతువుదే, కాకపోతే మళ్లకుండా తిన్నగా సాగేది. ఆ లాటిన్ ధాతువుకు సంస్కృతంలో తోబుట్టువు ‘వృత్’, దాని నుంచి పుట్టినదే మన వృత్తం. వర్స్‌ను పద్యమని అనువదించడంలో తప్పేమీ లేదు గాని, ఫుట్, పాదం వలెనే వర్స్, వృత్తం కూడా ఒక్క ఇంటివేనని తెలిశాక, ఉత్పలమాల నాలుగో పాదం చదివేటప్పుడు నాకు దుక్కిలో మూడుసార్లు మళ్లిన ఎడ్లే కనిపిస్తున్నాయి.