అమ్మకి ముక్క పరీక్ష (బయాప్సీ) చేశారు, రిపోర్టు ఇంకా రాలేదు. ఈలోపు అమ్మకి ఏం చెప్పాలి?

బాహుదా ఒడ్డు:
మాది ఇచ్ఛాపురం దాటగానే గంజాం జిల్లాలో వచ్చే ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. అమ్మకి అరవై దాటాయి. మా వైపు చాలామంది పెద్దవాళ్లలాగే అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని తాగడం. అంగిలి మీద పుండు లేచింది, మానడం లేదు. బరంపురంలో పళ్ల డాక్టరు చూసి పెద్దాసుపత్రికి రాశారు. అక్కడ ముక్క తీసి పంపించారు.

నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఫోన్‌లో వెతికితే ఒక్కో పేజీ ఒక్కో రకంగా భయపెడుతోంది. ఇంకో చిక్కు కూడా ఉంది. అమ్మకి ఒడియా అంతంతమాత్రం, డాక్టరు చెప్పినవన్నీ నేనే తెలుగులో చెప్పాలి. ఆయన "క్యాన్సర్ అనుమానం ఉంది" అంటే నేను "పుండుకి ఏదో పరీక్ష చేస్తారట" అన్నాను. సూరత్‌లో ఉన్న అన్నయ్య అసలేమీ చెప్పొద్దంటున్నాడు. మేనమామేమో ముక్క తీస్తే రోగం ముదురుతుంది, ఎందుకు తీయించావని కేకలేశాడు. మీ ఇళ్లల్లో ఇలాంటిది వచ్చినప్పుడు ఏం చేశారు?

ల్యాబ్ కోటు:
ముందు మేనమామ గారి సంగతి. ముక్క తీస్తే ముదురుతుందన్న మాట ఊరూరా ఉంది కానీ నిజం కాదు. నోటి పుండు విషయంలో ఆ ముక్క చూడకుండా జబ్బు పేరు ఖాయం చేయలేరు, చికిత్స మొదలుపెట్టరు.

రిపోర్టు ఆలస్యమైతే కీడు శంకించకండి. తీసిన ముక్కని పాడవకుండా ఫార్మలిన్ మందులో ఉంచాలి, మైనంలో బిగించాలి, పల్చటి పొరలుగా కోసి రంగు వేయాలి, ఆ తర్వాతే పాథాలజిస్టు మైక్రోస్కోపు కింద చూస్తారు. అనుమానం మిగిలితే ఇంకో పరీక్ష పెడతారు, దానికి మరికొన్ని రోజులు. ఇంకోటి, స్టేజ్ ఏమిటో ఈ రిపోర్టుతో తేలదు. డాక్టరు మెడలో గడ్డలు తడిమి చూడాలి, స్కాన్ చేయాలి, అప్పుడు చెప్తారు. కాబట్టి "నాలుగో స్టేజ్‌లో ఎన్నాళ్లు" అని ఇప్పుడు వెతకడం మీ అమ్మగారి గురించి వెతకడం కాదు.

రిపోర్టు తీసుకునేటప్పుడు మైనపు బ్లాకు, స్లైడ్లు కూడా అడిగి తీసుకోండి. వేరే ఆసుపత్రికి వెళ్తే అవే మళ్లీ చూస్తారు.

పర్లాకిమిడి పిల్ల:
అక్కా, మా నాన్నకి పేగు క్యాన్సర్ అని తెలిసినప్పుడు మా పెదనాన్నలు కూర్చుని చెప్పకూడదని తీర్మానం చేశారు. నాన్న కచేరీలో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. ఫైలు బీరువా మీద పెడితే ఆయన కంట పడదా? మేం బయటికెళ్లినప్పుడు తీసి మొత్తం చదివేసుకున్నారు, పైకి ఏమీ అనలేదు. మా కోసం ఆయన, ఆయన కోసం మేం, ఇల్లంతా నాటకమే. అమ్మ వంటింట్లో ఏడ్చేది, నాన్న పెరట్లో ఒక్కరే కూర్చునేవారు. కీమో మొదలయ్యే రోజు నర్సు పేరుతో పాటు జబ్బు కూడా చదివేసింది. నాన్న మా వైపు తిరిగి "ఇంక చాల్లెండి" అన్నారు. ఆ రాత్రి పొలం కాగితాలు ఎక్కడున్నాయో, చెల్లి పెళ్లికి ఎవరి దగ్గర ఎంత దాచారో అన్నీ చెప్పారు. అంతవరకూ ఆ మాటలు ఎవరితో అనగలరు ఆయన?

చికిత్సకి మీరు కటక్ వెళ్తే అక్కడ ఒడియా కాబట్టి మీరు చెప్పిందే అమ్మకి తెలుస్తుంది. విశాఖలో డాక్టరు నేరుగా అమ్మతోనే తెలుగులో మాట్లాడతారు. అక్కడ ఒక్క ప్రశ్నకే మీరు దాచింది బయటపడుతుంది. పరాయివాళ్ల నోట వినేకంటే కూతురి నోట వినడం నయం.

గుణుపురం టీచర్:
పర్లాకిమిడి పిల్ల గారితో పూర్తిగా ఏకీభవించలేను. మా అత్తగారు మొదటి రోజే అన్నారు, "నాకేం చెప్పకండి, పెద్దోడితో మాట్లాడండి" అని. ఆవిడ చివరిదాకా జబ్బు పేరు పలకలేదు, మేమూ పలకలేదు. మందుల గురించి, నొప్పి గురించి మాత్రం అన్నీ అడిగేవారు. దాన్ని మోసం అనడానికి నాకు నోరు రాదు, అది ఆవిడ కోరుకున్న పద్ధతి.

దాచాలా చెప్పాలా అని మీరూ మీ అన్నయ్యా తేల్చుకునే విషయం కాదిది. అమ్మనే అడగండి: "డాక్టరు చెప్పేవన్నీ నీకు చెప్పమంటావా, నన్నే చూసుకోమంటావా?" ఏ జవాబొచ్చినా దానికి కట్టుబడండి. ఆవిడ మనసు మార్చుకుంటే మీరూ మార్చుకోండి.

సూరత్ గంజాం:
నేనూ మీ అన్నయ్య లాంటివాడినే. మగ్గాల మధ్య పన్నెండు గంటల షిఫ్టు, మధ్యలో ఇంటి నుంచి ఫోన్ వస్తే కాళ్లు వణుకుతాయి. దూరంగా ఉన్నవాడు చేతులతో చేయగలిగింది ఏమీ ఉండదు కాబట్టి నోటితో చేస్తాడు, "చెప్పొద్దు", "ఆ డాక్టరు వద్దు" అని. ఆయన మీద కోపం పెట్టుకోకుండా ఏదైనా పని అప్పజెప్పండి. టికెట్లు, కార్డు సంగతి, చుట్టాల ఫోన్లు. మా ఇంట్లో చుట్టాలకి కబురు చెప్పే పని నాకిచ్చారు, చెల్లికి సగం టెన్షన్ తగ్గింది.

రాయగడ మామ:
అమ్మాయీ, భయం సంగతి వీళ్లు చెప్పారు, నేను డబ్బు సంగతి చెప్తాను. సగం భయం అదే. మనది ఒడిశా రేషన్ కార్డు. ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ అక్కడి కుటుంబాలకే, ఇచ్ఛాపురం చుట్టాల కార్డు పట్టుకెళ్లి ప్రయోజనం లేదు. మనకి 2025 నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన అనే వైద్య పథకాలు కలిపి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకి పైన ఇంకో 5 లక్షలు. వేరే రాష్ట్రంలో కూడా పథకంలో ఉన్న ఆసుపత్రిలో చెల్లుతుంది. చేరే ముందు కౌంటర్లో మీ కార్డు నంబరుతో కనుక్కోండి, తర్వాత కాదు.

విశాఖ అయితే అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, దువ్వాడ స్టేషన్ దగ్గర. రైల్లో క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీ ఉచితం, తోడు మనిషికి 75 శాతం తగ్గింపు. ఆసుపత్రి సర్టిఫికెట్‌తో స్టేషన్ కౌంటర్లోనే తీసుకోవాలి.

నాటుమందు వాళ్లు ఇంటికే వస్తారు, జాగ్రత్త. మా బావమరిది పసరు పూయించుకుంటూ నెలలు పోగొట్టుకున్నాడు. మజ్జిగౌరమ్మకి నేనూ మొక్కుతాను, కానీ మొక్కు ఆపరేషన్‌కి అడ్డం రాదు, పసరు వస్తుంది.

ల్యాబ్ కోటు:
మర్చిపోయాను. "చుట్ట తాగబట్టే ఇలా అయింది" అని ఇంట్లో ఎవరినీ అననివ్వకండి. నిప్పు, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి కాబట్టి అడ్డపొగకీ ఈ జబ్బుకీ సంబంధం ఉంది, నిజమే. ఆ మాటతో పుండైతే మానదు కదా. మానేయమని చెప్పాలి, ఇప్పుడు మానేసినా చికిత్సకి మేలే. తిట్టి కాదు.

మీకు మరీ గుండెదడగా ఉంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను టెలీ మానస్ 14416కి చేయండి. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగు కూడా ఉంది. రోగులకే అనుకోకండి, చూసుకునేవాళ్లూ చేయొచ్చు.

బాహుదా ఒడ్డు:
టీచర్ గారు చెప్పినట్టే అడిగాను. అమ్మ నా మొహంలోకి చూసి "క్యాన్సరేనా? ఆ పళ్ల డాక్టరు తలుపేసుకుని నీతో మాట్లాడినప్పుడే అనుకున్నా. నాకన్నీ చెప్పు, మీ మామకి మాత్రం చెప్పకు, ఊరంతా టముకేస్తాడు" అంది. చుట్టల పెట్టె కోడలికి ఇచ్చేసింది. మళ్లీ సాయంత్రం ఒక్కటి అడిగింది. ఇవ్వలేదు, అలిగింది.

రిపోర్టు కూడా వచ్చింది. స్క్వామస్ సెల్ కార్సినోమా అని ఉంది, అంటే క్యాన్సరే. బరంపురం డాక్టరు చెప్పినదంతా ఈసారి వాక్యం వాక్యం తెలుగులో చెప్పాను, అమ్మ మధ్యలో ఆపి రెండుసార్లు ఆయన్నే అడిగించింది. అన్నం ఎప్పటికి నమలగలను అన్నదొకటి, ఖర్చెంత అన్నదొకటి. ఆపరేషనా, రేడియేషనా, రెండూనా అన్నది స్కాన్ చూశాక చెప్తారట. భయం పోలేదు, కానీ నిన్న రాత్రి ఇద్దరం నిద్రపోయాం.

విశాఖకే వెళ్తున్నాం, అన్నయ్య టికెట్ల పనిలో ఉన్నాడు. అగనంపూడి దగ్గర వంట చేసుకునే వీలున్న గది ఎవరికైనా తెలుసా? అమ్మకి గంజి, మెత్తటి అన్నం తప్ప దిగడం లేదు.

రాయగడ మామ:
ముందు ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌ని అడుగు అమ్మా, ఎక్కడ దిగొచ్చో వాళ్లకి తెలుస్తుంది. మావాళ్లు ఆ వైపు అద్దెకున్నారు, నేనూ కనుక్కుని రేపు రాస్తాను.