1942లో విశాఖ నుంచి నంద్యాల వైపు వచ్చేసిన కుటుంబాలు ఎవరికైనా తెలుసా?

అందరికీ నమస్కారం. మాది కర్నూలు. మా అవ్వ పుట్టింది విశాఖపట్నంలో, వాళ్ళ నాయన హార్బర్‌లో పనిచేసేవారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి కదా, ఆ తర్వాత ఆయన అక్కడే ఉండిపోయి, పిల్లల్ని, వాళ్ళమ్మని నంద్యాలలో బంధువుల ఇంటికి పంపించేశారు. అవ్వకు అప్పుడు ఏడెనిమిదేళ్ళు. ఇప్పుడు నిన్నటి విషయాలు మర్చిపోతుంది గానీ అవి మాత్రం పూసగుచ్చినట్టు చెప్తుంది: లాంతరు చిమ్నీకి నల్లకాగితం చుట్టడం, పెరట్లో తవ్విన కందకం, అందులో దిగాక వాళ్ళమ్మ పిల్లల చెవుల్లో దూది పెట్టి, పళ్ళ మధ్య మడిచిన గుడ్డ పెట్టి కొరికి పట్టుకోమనడం. నంద్యాల వచ్చాక జొన్నరొట్టె మింగుడుపడక ఏడ్చిందంట.

బెజవాడలో రైలు మారి చిన్న రైలు ఎక్కామంటుంది. అది గుంటూరు మీదుగా గుంతకల్లు పోయే మీటర్‌గేజి బండే అనుకుంటున్నా, రైల్వే పాత సంగతులు తెలిసినవాళ్ళు చెప్పండి.

అసలు అడగాలనుకున్నది ఇది. అప్పుడు కోస్తా నుంచి కర్నూలు, కడప, అనంతపురం వైపు ఇట్లా వచ్చినవాళ్ళు మీ ఇళ్ళలో ఉన్నారా? ఉంటే అవ్వతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడించగలరా? ఇంకో మాట, వాళ్ళ నాయన గురించి అడిగితే చాలాసేపు ఏమీ మాట్లాడదు. పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేసిన అనుభవం ఉన్నవాళ్ళు, ఆమెను బాధపెట్టకుండా ఎట్లా అడగాలో చెప్తే మేలు చేసినవాళ్ళవుతారు.