మాత్రలు అవే, ఒంటరిగా ఉంటే నాన్నగారి షుగర్ పెరుగుతోంది

నాన్నగారికి 72 ఏళ్లు, తెనాలిలో ఒక్కరే ఉంటారు. అమ్మ చనిపోయిన ఏడాదిలో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 7.1 నుంచి 8.8కి పెరిగింది. మందులు మారలేదు: మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా, టిఫిన్‌కి ముందు గ్లిమెపిరైడ్ 1 ఎంజీ. సరిగ్గానే వేసుకుంటున్నారు, డబ్బా చూశాను.

ఇంట్లో పరగడుపున 170–185 ఉంటోంది. విచిత్రం ఏమిటంటే, అక్కావాళ్లింట్లో ఉన్నప్పుడు అవే మాత్రలతో 130 దాటదు. అక్కడ పిల్లలతో కలిసి ఎనిమిదింటికల్లా భోంచేసి, బావగారితో కబుర్లాడుతూ వీధి చివరిదాకా నడిచొస్తారు. ఇక్కడైతే టీవీ ముందు పదింటికి పెరుగన్నం, పైన గుప్పెడు మిక్చర్. ఒక్కోసారి టిఫినే మానేస్తారు. గ్లిమెపిరైడ్ వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుందని అదో టెన్షన్.

వంటమనిషిని పెట్టాం, వండింది ఫ్రిజ్‌లోనే ఉంటోంది. రాత్రి వీడియో కాల్‌లో "ఆఁ, తిన్నానమ్మా" అంటారు, అంతే. అక్క దగ్గరికి మారమంటే ససేమిరా అంటున్నారు. మోతాదు పెంచేముందు వేళకు తినడం, నడక కుదర్చమన్నారు డాక్టరుగారు.

సొంత ఊరు వదలని పెద్దవాళ్లకు రోజూ రాత్రి భోజనానికి, నడకకు తోడు దొరికేలా మీలో ఎవరైనా ఏర్పాటు చేసి ఉంటే, ఎలా కుదిర్చారో చెబుతారా?